స్క్రోలింగ్ వణికినందుకు రాసిన ఉత్తరం

రిటైరైనవాళ్ళే ఉద్యోగం గురించి రాయాలని ఎక్కడా లేదు. నాకు ముప్పై ఒకటి. పాప పుట్టకముందు ఏడేళ్ళు ఒక తెలుగు న్యూస్ చానల్ టెక్నికల్ విభాగంలో పనిచేశాను. పాప పుట్టాక మానేశాను. మళ్ళీ వెళ్తానో లేదో నాకే తెలియదు కాబట్టి నా లెక్కలో అది రిటైర్మెంటే. మా పిన్ని కూతురు ఈ నెల ఇంకో చానల్లో దాదాపు అదే ఉద్యోగంలో చేరుతోంది. "అక్కా, అక్కడ అసలు ఏం చెయ్యాలి?" అని ఫోన్‌లో అడిగింది. పాప ఏడుస్తుంటే సగంలో పెట్టేశాను. చెప్పకుండా మిగిలిపోయిన సగం ఇది. రాత్రిపూట పాప పడుకున్నాక రాస్తున్నాను, మధ్యమధ్య లేచి ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదో చూసొస్తూ.

బొమ్మను అనుమానించే పని

నా పని పేరు క్వాలిటీ కంట్రోల్. ప్రసారమయ్యే బొమ్మను రోజంతా చూస్తూ కూర్చోవాలి. రంగు తేడా వచ్చిందా, మాటకీ పెదవికీ పొంతన ఉందా, అక్షరం చెదిరిందా. బొమ్మ బాగుందని ఎవరైనా అంటే మనం నమ్మకూడదు. జీతమిచ్చి మరీ అనుమానించమంటారు.

నాకది బాగా నప్పింది. చిన్నప్పుడు పద్మారావు నగర్‌లో పాలవాడు పాలు పోసి వెళ్ళాక గిన్నెలో వేలు ముంచి చూసేదాన్ని. ఇప్పుడు పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంటే రెండు థర్మామీటర్లతో చూస్తాను. రెండింటికీ తేడా వస్తే మూడోది కొందామంటాను. మా ఆయన దండం పెడతాడు.

మా చీఫ్ ఇంజినీరు ఎబెనేజర్ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డారు. రిటైర్మెంట్‌కు రెండేళ్ళుంది. తక్కువ మాట్లాడేవారు. ఏదైనా చెడిపోతే కేకలు వేసేవారు కాదు. ఆ మిషన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, బాగయ్యేదాకా లేచేవారు కాదు, అంతే. నేను చేరిన కొత్తలో, "తప్పు ఎవరిదని అడక్కమ్మా, తప్పు ఎక్కడుందో అడుగు" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు మామూలు పెద్దమనిషి మాటలాగే వినిపించింది.

రెండు పద్ధతులు, రెండు షోకులు

మా చానల్ హెచ్‌డీలోకి వెళ్ళాలని యాజమాన్యం నిర్ణయించింది. హెచ్‌డీలో రెండు పద్ధతులున్నాయి. చేరబోయేవాళ్ళు ఇది అర్థం చేసుకోవాలి, కష్టమేమీ కాదు.

టీవీ బొమ్మ అంటే అడ్డగీతల దొంతర. మొదటి పద్ధతిలో వెయ్యీ ఎనభై గీతలుంటాయి కానీ అన్నీ ఒకేసారి రావు. ఒకసారి బేసి గీతలు, ఆ వెంటనే సరి గీతలు. రెండు సగాలనూ కన్ను కలుపుకుంటుంది. రెండో పద్ధతిలో గీతలు ఏడు వందల ఇరవయ్యే, కానీ ప్రతిసారీ బొమ్మ మొత్తం వస్తుంది. నిలకడగా ఉన్న దృశ్యానికి మొదటిది బాగుంటుంది, పరుగులు పెట్టేదానికి రెండోది. ఒకటి ఎంచుకున్నామంటే కెమెరా నుంచి చివరి వైరు దాకా అన్నీ దానికి తగినవే కొనాలి. తర్వాత మనసు మార్చుకోవడం కుదరదు.

రెండు కంపెనీల మనుషులు వచ్చారు. వెయ్యీ ఎనభై ఆయన పట్టుచీర అంచు చూపించాడు, చెరువులో కలువలు చూపించాడు. కలువలు కదల్లేదు, చీర కట్టుకున్నామె కూడా కదల్లేదు. ఏడు వందల ఇరవై ఆయన కబడ్డీ చూపించాడు, గుర్రాలు చూపించాడు. ఒక్క క్షణం కూడా ఏదీ ఆగలేదు. ఎవరికి ఏది కలిసొస్తుందో అదే తెచ్చుకున్నారు. ఎవరైనా డెమో చూపిస్తుంటే చూపిస్తున్నదానికంటే చూపించనిదాన్ని గమనించండి.

అంతే కాదు. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కి వెళ్ళినప్పుడు నేను డబ్బా తెచ్చుకుని ఆ గదిలోనే తిన్నాను. కబడ్డీ ఆయన వచ్చి తన డెమో టీవీలో రంగులు నాలుగు గడులు పెంచాడు. నన్ను చూసి, "మేడమ్, మీరు లంచ్‌కి వెళ్ళలేదా?" అన్నాడు.

"వెళ్ళుంటే మీకు ఇంకో రెండు గడులు పెంచే వీలుండేది" అన్నాను.

ఆ కథ ఆఫీసంతా పాకింది. గ్రాఫిక్స్ ఆపరేటర్ యాదగిరి, "మేడమ్ కండ్లు కావు గవి, పోలీస్ లైట్లు" అని అందరికీ చెప్పాడు. ఎబెనేజర్ గారు మాత్రం, "పట్టుకున్నావు, మంచిదే. రంగు ముందున్నట్టే పెట్టేశావా?" అని అడిగారు. మెచ్చుకోలేదని నాకు కష్టమేసింది. ఒకసారి దొంగను పట్టుకున్నవాళ్ళకు ఆ తర్వాత అందరూ దొంగల్లాగే కనిపిస్తారు. నాకు అలాగే అయింది.

నేరేడ్‌మెట్‌లో కారు

ఆ తర్వాతి ఆదివారం మా ఆడపడుచు ఇంటికని నేరేడ్‌మెట్ వెళ్ళాం. సందు మలుపులో ఎబెనేజర్ గారు కనిపించారు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కాలో ఒక కారులోంచి దిగుతున్నారు. కారు నడుపుతున్నది కలువల కంపెనీ మనిషి. సార్ చేతిలో ఒక పెట్టె ఉంది. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. ఏడేళ్ళలో సార్ అలా పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూడలేదు.

సోమవారం మాటల్లో మాటగా అడిగాను. "నిన్న ఎక్కడున్నారు సార్?"

"చర్చికెళ్ళానమ్మా. ఆ తర్వాత తెలిసినవాళ్ళ ఇళ్ళకి."

కారు మాట లేదు, పెట్టె మాట లేదు. ఆ రోజు నుంచి ఆయన ఏం మాట్లాడినా దాని వెనక ఇంకో మాట వెతికాను. మీటింగుల్లో ఆయన మొదటి పద్ధతివైపు మొగ్గుతున్నట్టు అనిపించింది. అనిపించిందా, నిజంగానే మొగ్గారా? ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా చెప్పలేను.

ఏ, బీ

పరీక్ష ఏర్పాట్లు ఎబెనేజర్ గారు నాకే అప్పగించారు. "నువ్వే పెట్టు, నేను వేలు పెట్టను" అన్నారు. అది కూడా నాకు నచ్చలేదు. రేపు ఫలితం తేడాగా వస్తే నా మీదికి తోసేస్తారనుకున్నాను.

కంపెనీల సొంత టేపులు పక్కన పెట్టేశాను. రెండు కెమెరాలు పక్కపక్కనే పెట్టించి ఒకే డప్పు ఆటను రెండు పద్ధతుల్లో తీయించాను. కింద మన తెలుగు స్క్రోలింగ్ ఉండాలన్నాను. ఇందులో నాకు పట్టుదల ఉంది. బంద్ రోజుల్లో మన జనం టీవీ శబ్దం తగ్గించి కింద పరిగెత్తే అక్షరాలే చదువుతారు. బస్సులు తిరుగుతాయా, స్కూలుందా, ఆస్పత్రికి పోవచ్చా. మన అక్షరాలకు గుడులు, సుడులు, కింద ఒత్తులు. తెర ఏమాత్రం కదిలినా ముందు అవే కరిగిపోతాయి.

స్క్రోలింగ్ యాదగిరి తయారుచేశాడు, మా పాత గ్రాఫిక్స్ మిషన్ మీద. ఏ పద్ధతి ఏదో నాకు తప్ప ఎవరికీ తెలియకుండా ఏ, బీ అని పేర్లు పెట్టాను. డ్రైవర్లను, మేకప్ ఆవిడను, వార్తలు చదివే అమ్మాయిని, క్యాంటీన్ మల్లమ్మను కూర్చోబెట్టాను. వెనక వరసలో ఎండీ గారు, ఎబెనేజర్ గారు.

బీ అంటే ఏడు వందల ఇరవై. అక్షరాలు నీళ్ళలో పడవలా సాఫీగా వెళ్ళాయి. ఏ అంటే వెయ్యీ ఎనభై. డప్పు మీది పూసలు బాగా కనిపించాయి, మొహాలు బాగున్నాయి. స్క్రోలింగ్ మాత్రం వణికింది. ప్రతి అక్షరం ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తున్నట్టుంది.

"ఏందమ్మా, గా అచ్చరాలకు చలి జొరమొచ్చిందా?" అంది మల్లమ్మ.

"చూస్తుంటే నాకే కండ్లు తిరుగుతున్నయ్. నేన్ చేసిందేనా గిది?" అన్నాడు యాదగిరి.

ఎబెనేజర్ గారు లేచి తెర దగ్గరకు వెళ్ళారు. కళ్ళద్దాలు తీసి, వంగి చాలాసేపు చూశారు. వెనక్కి వచ్చి ఎండీ గారితో, "ఒక వారం ఆగుదాం సార్. ఇప్పుడే ఏమీ నిర్ణయించొద్దు" అన్నారు.

నా ఒళ్ళు మండింది. ఏ అంటే ఏదో ఆయన కంటికి ఎవరూ చెప్పక్కర్లేదు, తనవాళ్ళు ఓడిపోయేసరికి వారం కావాలంటున్నారు.

ఉత్తరం

ఆ సాయంత్రం ఎండీ గారికి ఉత్తరం రాశాను. పేజీన్నర. పరీక్షలో ఏం తేలిందో సగం పేజీ. మిగతాదంతా చీఫ్ ఇంజినీరు ఫలానా కంపెనీ మనిషి కారులో తిరుగుతున్నారని, పెట్టె అందుకున్నారని, అడిగితే దాచారని, ఇప్పుడు నిర్ణయాన్ని వాయిదా వేయిస్తున్నారని. చదువుకుంటే ఒక్క అబద్ధం కూడా లేదు. అలాంటి ఉత్తరాలే ప్రమాదం.

మూడో రోజు ఎబెనేజర్ గారిని రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆయన ఇవ్వలేదు. రాజీనామా ఇచ్చారు. తన టేబుల్ ఖాళీ చేసుకుని నా గది ముందు నుంచే వెళ్తూ, "వెళ్ళొస్తానమ్మా" అన్నారు, రోజూ సాయంత్రం అన్నట్టే. ఉత్తరం ఎవరు రాశారో ఆయనకు తెలుసని నాకు తెలుసు. తప్పు చేసినవాడు కాబట్టే ఎదురు చెప్పలేకపోయాడని సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి కడుపునిండా తిన్నాను కూడా.

ఉల్టా

రెండు వారాలకు యాదగిరి నా గదికి వచ్చాడు. తలుపు వేసి మరీ నిలబడ్డాడు.

"మేడమ్, జెర వస్తరా? ఒకటి చూపిస్తా."

గ్రాఫిక్స్ గదిలో అదే స్క్రోలింగ్ మళ్ళీ వేశాడు, వెయ్యీ ఎనభైలోనే. అక్షరాలు కదలకుండా, అంటే కదలాల్సినట్టే కదులుతూ, నూనె రాసినట్టు జారిపోయాయి.

"ఏం చేశావు?"

"ఏం జెయ్యలే. మిషన్‌ల ఒక సెట్టింగ్ ఉల్టా ఉండె. మన పాత చానల్‌కు సరి గీతలు ముందు పోవాలె గదా. గట్లనే ఉంచిన. హెచ్‌డీకి బేసివి ముందు పోవాలెనంట. నాకేం తెలుసు మేడమ్? గిన్నేండ్ల సంది ఎవ్వరు దాన్ని ముట్టలే."

రెండు సగాలు తారుమారుగా వెళ్తే బొమ్మ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. బీ పద్ధతిలో సగాలే లేవు కాబట్టి దానికేమీ కాలేదు. దోషి వెయ్యీ ఎనభై కాదు, మా మిషన్. కంపెనీవాళ్ళ టీవీ రంగులు పట్టుకున్నాను, వాళ్ళ టేపులు పక్కన పెట్టాను, వాళ్ళ కెమెరాల మీద కన్నేసి ఉంచాను. మా సొంత మిషన్‌ను మాత్రం అనుమానించలేదు. ఎందుకంటే అది మాది.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే. చెప్పాల్నా?" అని ఆగి, "చెప్తె ఇద్దరి నౌకరీలు పోతయేమో మేడమ్. చెప్పకుంటె ఎవ్వరికి తెల్వది" అన్నాడు.

అప్పటికి నన్ను విభాగానికి తాత్కాలికంగా పెద్దను చేశారు. కడుపులో పాప, నాకు మూడో నెల. ఆ తర్వాత రెండు రోజులు ఎలా గడిచాయో రాయను. చేరబోయేవాళ్ళకు ఒకటే చెప్తాను. ధైర్యం వచ్చాక నిజం చెబుదామని కూర్చుంటే అది రాదు. నేను భయపడుతూనే వెళ్ళాను.

ఎండీ గారికి రెండు స్క్రోలింగులూ పక్కపక్కన చూపించాను. పరీక్ష తప్పని, తప్పు నాదని, నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన చిరాకు పడలేదు, ఆశ్చర్యపోలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఎలాగూ వెయ్యీ ఎనభైకే వెళ్తున్నాం కదమ్మా. డిష్ కంపెనీవాళ్ళు అదైతేనే మన చానల్ తీసుకుంటామని మీ పరీక్షకు ముందే చెప్పేశారు."

"మరి పరీక్ష ఎందుకు పెట్టించారు సార్?"

"సప్లయర్లు ఇద్దరూ చివరిదాకా టెన్షన్‌లో ఉండాలి కదా."

"ఎబెనేజర్ గారిని సంజాయిషీ ఎందుకు అడిగారు?"

"నువ్వు రాశావు కాబట్టి అడిగాను."

ఏదో మోసం జరుగుతోందని నాకు అనిపించడం నిజమే. జరిగింది కూడా. నేను ఏ మనిషికి ఉత్తరం రాశానో ఆ మనిషే చేశాడు. ఆయన్ను మాత్రం నేను ఒక్క రోజు కూడా అనుమానించలేదు. మన అనుమానం ఎప్పుడూ పక్క గదిదాకానే పోతుంది, పై అంతస్తుకు ఎక్కదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎబెనేజర్ గారిని తిరిగి రమ్మని కబురు పంపించారు. ఆయన రానన్నారు.

రెండో ఆదివారం

నేరేడ్‌మెట్‌లో ఆయన ఇంటికి నేనే వెళ్ళాను. సార్ భార్య, మేడమ్ గారు తలుపు తీసి, నా పేరు చెప్పగానే ఒక్క క్షణం ఆగి, "రామ్మా, ఉన్నారు" అన్నారు. ఆ ఒక్క క్షణం నాకు ఇంకా గుర్తుంది.

సార్ వరండాలో ఉన్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. మిషన్ సంగతి, ఎండీ గారి సంగతి, ఉత్తరం సంగతి. విన్నారు.

"కూర్చో అమ్మా. మెడ నొప్పి పుడుతోంది నాకు, పైకి చూస్తూ."

కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "సార్, ఆ ఆదివారం కారు..."

ఆయన లోపలికి వెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. ప్రతి పేజీలో ఒక ఇల్లు. నేరేడ్‌మెట్‌లో తొమ్మిది, కాప్రాలో ఆరు. ఎవరి ఇల్లు, టీవీ ఏది, ఎన్నేళ్ళది, ఎంత దూరం నుంచి చూస్తారు, ముసలివాళ్ళున్నారా, అక్షరం చదవగలిగారా. చర్చి అయ్యాక ఒకరింటికి ఒకరు వెళ్ళడం వాళ్ళలో మామూలే. ఆ వంకతో వెళ్ళి, డెమో బొమ్మలు ఆడించే కంపెనీవాళ్ళ పెట్టెను వాళ్ళింటి టీవీకే తగిలించి చూశారట. ఆఫీసులో మంచి టీవీ మీద కాదు, జనం చూసే టీవీ మీద.

"పెట్టె ఆయనది, అందుకని కారూ ఆయనదే. ఒక ఇంట్లో ముసలమ్మ కలువలు చూసి, ఈ సీరియల్ ఎప్పుడొస్తుంది బాబూ అని అడిగింది. దానికే నవ్వుకున్నాం" అన్నారు. "తర్వాతి ఆదివారం కాప్రా. ఆ రోజు రెండో కంపెనీ ఆయన కారు. నువ్వు చూడలేదు."

"సోమవారం నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు సార్?"

"పరీక్ష పెట్టేది నువ్వు. నా ఇళ్ళ సంగతి ముందే చెప్తే నీ కన్ను అటే పోతుంది. నీ లెక్క నీకు రావాలి, నా లెక్క నాకు రావాలి. అప్పుడు రెండూ పక్కన పెట్టి చూద్దామనుకున్నాను."

"తెర మీద వణుకు చూసినప్పుడే మీకు మిషన్ తప్పని తెలిసిందా?"

"అనుమానం వచ్చింది. అందుకే వారం అడిగాను."

"అక్కడే ఆ మాట అనుంటే..."

"నువ్వు నమ్మేదానివా?"

మేడమ్ గారు టీ తెచ్చి పెట్టారు. నోట్‌బుక్ చూశాక ఆయన్ను పూర్తిగా నమ్మాను. ఏడేళ్ళు పక్కన పనిచేశాక కూడా నమ్మడానికి నాకు నోట్‌బుక్ కావాల్సి వచ్చింది. క్షమించమని అడిగాను. సరేనన్నట్టు తల ఊపారో, టీ తాగమని ఊపారో తెలియలేదు.

"ఆ సెట్టింగ్ మార్చారా?" అని అడిగారు.

"మార్చాం సార్. యాదగిరి వెంటనే మార్చాడు."

"రెండింటిలోనా?"

గ్రాఫిక్స్ గదిలో రెండు మిషన్లుంటాయి. ఒకటి నడిచేది. అది ఆగిపోతే ఆదుకోవడానికి రెండోది, ఎప్పుడూ వెలుగుతూ మూలన ఉంటుంది. హెచ్‌డీ ట్రయల్ ప్రసారం ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతోంది. నేను టీ గ్లాసు కింద పెట్టి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"యాదగిరీ, స్పేర్ మిషన్‌లో ఆ సెట్టింగ్ చూశావా?"

"అరె, దాన్ని ముట్టనే లేదు మేడమ్. ఉండుండ్రి."

కుర్చీ జరిపిన చప్పుడు, కీబోర్డు చప్పుడు. సార్ నావైపు చూడటం లేదు. గేటు బయట రోడ్డు వైపు చూస్తున్నారు, కానీ టీ తాగడం ఆపేశారు.

"మేడమ్" అన్నాడు యాదగిరి. "గిది సుత ఉల్టానే ఉంది."

"ఉల్టానే ఉందట సార్" అన్నాను.

"మార్చి, ఒకసారి నడిపి చూడమను. నువ్వు ఫోన్ పెట్టకు" అన్నారు ఆయన, కుర్చీ నా దగ్గరకు జరుపుకుంటూ.